నీళ్ళ కబురు ఎవరికి చెప్పాలి?

2024 సెప్టెంబరులో మా ఊరి పేరు మారింది. పోర్టుబ్లెయిరు కాస్తా శ్రీవిజయపురం అయింది. ఆ కబురు ఢిల్లీలో బయటపడ్డ కాసేపటికే మా వీధిలో అందరికీ తెలిసిపోయింది. చేపలమ్మే అప్ప తట్ట దించుతూనే "ఊరి పేరు మార్చీసారట గదమ్మా" అంది. అదే ఊళ్ళో కుళాయి వచ్చే వేళ మారితే మాత్రం ఒకింటికి తెలుస్తుంది, పక్కింటికి తెలియదు. తెలిసిన ఇంట్లోనైనా బిందె పట్టుకునే మనిషికి తెలుస్తుందన్న నమ్మకం లేదు. ఈ వ్యాసంలో నా గోడంతా ఈ రెండో కబురు గురించే.

ముందు మా ఊరి నీళ్ళ సంగతి చెప్పాలి. పెళ్ళయి శ్రీకాకుళం జిల్లా నుంచి అండమాన్ వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. విశాఖలో ఓడెక్కితే దాదాపు మూడు రోజులు చుట్టూ నీళ్ళు తప్ప మరేమీ కనిపించని ప్రయాణం. "అన్ని నీళ్ళ మధ్య ఉంటూ నీళ్ళ కరువంటావేమిటే" అని మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వరూ మరి! ఇక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మన కోస్తాలో పడేదానికి రెండున్నర, మూడింతలు. మే నెలలో మొదలైతే డిసెంబరు దాకా గొడుగు మూసే పని ఉండదు. కానీ ఇది సన్నగా, పొడుగ్గా, కొండలు కొండలుగా ఉన్న నేల. పడ్డ వాన పడ్డట్టే వాగులో దిగి సముద్రంలో కలిసిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం వంక చూస్తూ కూర్చోవాలి. ఆ నాలుగు నెలలూ ఊరికి ప్రధాన దిక్కు ధనిఖారి ఆనకట్ట. అందులో మట్టం తగ్గుతున్న కొద్దీ కుళాయి వచ్చే రోజులు ఎడమైపోతాయి. రోజు విడిచి రోజు వచ్చేవి, కొన్ని ఏళ్ళలో మూడు నాలుగు రోజులకోసారి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. వచ్చినా అరగంటో, ముప్పావుగంటో. కొండవాలు ఊరు కదా, పల్లంలో ఇళ్ళకి ధార బాగా వస్తుంది, మిట్టన ఉన్నవాళ్ళకి సన్నటి దారం. అంచేత ఇక్కడ నీళ్ళు ఎంత ముఖ్యమో, నీళ్ళు ఎప్పుడొస్తాయన్న కబురు కూడా అంత ముఖ్యం. కబురు లేని నీళ్ళు సగం కాలవలోకే పోతాయి.

1998 ఏప్రిల్. మా ఆడపడుచు పురిటికి మా ఇంటికే వచ్చింది. అత్తగారు మాతోనే ఉండేవారు కాబట్టి తనకి పుట్టిల్లు అంటే మా ఇల్లే. మగపిల్లాడు పుట్టాడు. పదకొండో రోజు పురుడు. బాలింతకి తలంటి నీళ్ళు పోయాలి, పసివాడికి పోయాలి, ఇల్లంతా కడగాలి, పురిటి బట్టలన్నీ ఉతకాలి, పాతికమందికి వంట చెయ్యాలి. కుళాయి రేపు తెల్లవారుజామున వస్తుంది, ఇన్నాళ్ళూ వచ్చిన వరస అదే కదా అన్న ధీమాతో ముందురోజు సాయంత్రం ఉన్న నీళ్ళన్నీ ధారాళంగా వాడేశాం. మా ద్వీపంలో తొందరగా తెల్లారుతుంది. అయిదింటికే ఎండ. నేను నాలుగున్నరకే లేచి బిందెలు, డ్రమ్ము, చివరికి అంట్లగిన్నెలు కూడా వరసగా పెట్టుకుని కూర్చున్నాను. అయిదయింది. ఆరయింది. కుళాయి 'ఉస్సు'మని గాలి వదిలి ఊరుకుంది.

ఎనిమిదింటికి మా ఆయన కాఫీ తాగుతూ తాపీగా అన్నారు కదా, "ఇవాళ రావుగా! గొట్టం మరమ్మతట. రెండు రోజులు బందు అని పేపర్లో వేశారు."

"ఎప్పుడు వేశారు?"

"మొన్న."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీళ్ళ సంగతి నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను."

ఈ చివరి మాట మీద నాకు వచ్చిన కోపం ఇన్నేళ్ళకీ పూర్తిగా చల్లారలేదు. ఆయన చెడ్డవారు కారు. నీళ్ళు ఆడవాళ్ళ శాఖ, పేపరు మగవాళ్ళ శాఖ అని ఇంట్లో ఎవరూ రాయకుండానే రాసిపెట్టిన పద్ధతి అది. ఆ పేపరు కూడా ఆయన ఆఫీసులోనే చదివి అక్కడే వదిలేసేవారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో సర్కారు కబుర్లన్నిటికీ ఒకే చోటు, అండమాన్ పాలనా యంత్రాంగమే నడిపే డైలీ టెలిగ్రామ్స్ అనే ఇంగ్లీషు దినపత్రిక. హిందీలో ద్వీప్ సమాచార్. ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది, కరెంటు ఎప్పుడు తీస్తారు, టెండర్లేమిటి అన్నీ అందులోనే. కాబట్టి నోటీసు వేయలేదని ఎవర్నీ అనడానికి లేదు. వేశారు. చక్కగా రెండు రోజుల ముందే వేశారు. అది మా ఆయన కళ్ళ దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది.

ఆ రోజు పరువు దక్కించింది ఎదురింటి బౌది. ఆమె బెంగాలీ. వాళ్ళలో వదినని బౌది అంటారు, మా వీధిలో అన్ని భాషలవాళ్ళకీ ఆమె బౌదే. ఆమె ఇంట్లో పెద్ద డ్రమ్ములు రెండు నిండుగా ఉన్నాయి. ఎలా తెలిసిందంటే, ఎనిమిదో క్లాసు చదివే వాళ్ళబ్బాయి రేషన్ షాపు దగ్గర పేపరు తిరగేసి వచ్చి వాళ్ళమ్మకి చెప్పాడట. చదివినవాడు చెప్పాడు, విన్నావిడ పట్టుకుంది. అంతే కదా తేడా! ఒక డ్రమ్ము నీళ్ళు మాకు పంపించి, "నాలుగు రోజుల తర్వాత తిరిగిచ్చెయ్" అంది. ఇక్కడ పంచదార, కాఫీపొడితో పాటు నీళ్ళు కూడా బదుళ్ళే.

మిట్ట మీద ఇళ్ళవాళ్ళు, జంగిలీఘాట్ వైపు నుంచి వచ్చే మా శ్రీకాకుళం, విశాఖ మత్స్యకార కుటుంబాలవాళ్ళు ఆ రెండు రోజులూ ఏం చేశారో తరవాత విన్నాను. చేపలమ్మే అప్ప ఒక్కముక్కలో చెప్పింది. "మాకెవులు సెప్తారమ్మా? మా వోడు యేటకెల్లీసేడు. నాను బజారుకెల్లీసేను. ఇంటికొచ్చేసరికి బిందె ఎండిపోయింది." ఆమెకి హిందీ మాట్లాడ్డం బాగా వచ్చు. ఇక్కడ అందరికీ వస్తుంది, బజారు భాష అదే. చదవడం వేరు. బేరమాడేంత హిందీకి, 'మరమ్మతు కారణంగా జలసరఫరా నిలుపుదల' అన్న మాటని అక్షరాల్లో పోల్చుకునే హిందీకి చాలా దూరముంది.

ఆ తరవాత మా వీధిలో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. రేషన్ షాపు గోడ మీద నల్లరంగు పూసిన చెక్క ఒకటి తగిలించాం. బౌది వాళ్ళబ్బాయి పేపరు చూసి హిందీలో, బెంగాలీలో రాసేవాడు. మా పక్కవాటాలో తమిళ అక్క తమిళంలో రాసేది. తెలుగు నాది. పెద్ద రాతలేం కాదు. 'రేపు నీళ్ళు లేవు. ఎల్లుండి ఉదయం 5కి.' ఇంతే. అక్షరాలు రానివాళ్ళకి బిందె బొమ్మ వేసి దాని మీద ఇంటూ గుర్తు కొట్టేవాళ్ళం. అయిదు నిమిషాల పని. ఆ చెక్క కొన్నేళ్ళు నడిచింది. కుర్రాడు చదువుకి మద్రాసు వెళ్ళిపోయాక, వానకి చెక్క పుచ్చిపోయాక, మా బద్ధకం కూడా తోడయి ఆగిపోయింది. నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే అనిపిస్తుంది. మేం అయిదు నిమిషాల్లో చేసింది ఊరంతటికీ ఒక పద్ధతిగా ఎందుకు చెయ్యకూడదు?

"అన్ని భాషల్లో వెయ్యాలంటే ఎంత ఖర్చు, ఎంతమంది అనువాదకులు?" అని అడుగుతారు. అడిగేవాళ్ళు మామూలుగా హిందీ, ఇంగ్లీషు రెండూ చదవగలవాళ్ళే అయి ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాలన్నిట్లో కలిపి మనుషులు 3 లక్షల 80 వేలు. అందులో బెంగాలీ ఇంటి భాషగా ఉన్నవాళ్ళే ఎక్కువ, నూటికి 28 మంది. తరవాత హిందీ, తరవాత తమిళం, నాలుగోది మన తెలుగు. నూటికి 13 మంది, అంటే 50 వేల దాకా. అధికార భాషలు మాత్రం హిందీ, ఇంగ్లీషు. సర్కారు కాగితం సహజంగా ఆ రెంటిలోనే పుడుతుంది. పుట్టనివ్వండి, దాన్ని నేను కాదనడం లేదు. ఫైళ్ళు, టెండర్లు, బడ్జెట్లు అన్నీ తెలుగులోకి మార్చమని ఎవరడిగారు? నీళ్ళ నోటీసులో ఉండేవి నాలుగే ముక్కలు. ఏ వార్డు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎందుకు. అచ్చు ఒకసారి తయారుచేసి పెట్టుకుంటే తేదీ, గంట మార్చుకుంటూ పోవడమే. అంకెలకి అనువాదం అక్కర్లేదు కదా.

పోనీ చట్టం ఏమంటోందో చూద్దామని మా అమ్మాయి చేత వెతికించాను. 2005 సమాచార హక్కు చట్టం అంటే మనం అర్జీ పెడితే వాళ్ళు జవాబు ఇవ్వడమేననుకునేదాన్ని. అది కాదట. అడక్కుండానే చెప్పాల్సినవి కూడా అందులో ఉన్నాయి. నాలుగో సెక్షన్‌లో, ఆ చెప్పడం ఎలా ఉండాలో కూడా రాశారు. ఖర్చు, స్థానిక భాష, ఆ ప్రాంతంలో బాగా చేరే మార్గం ఏది, ఇవన్నీ చూసుకుని జనానికి అందించాలని. నోటీసు బోర్డులు, దండోరా, రేడియో లాంటివన్నీ అందులోకే వస్తాయి. 'స్థానిక భాష' అన్నమాట చట్టంలోనే ఉంది, మేం కొత్తగా కనిపెట్టిందేం కాదు. మా ఊళ్ళో చిక్కల్లా స్థానిక భాష అంటే ఒక్కటి కాదు, నాలుగైదు.

ఇంకో సంగతి ఆంధ్రా, తెలంగాణల్లో ఉండే అక్కచెల్లెళ్ళకి తట్టకపోవచ్చు. మీకు వార్డు మెంబరు పలక్కపోతే ఎమ్మెల్యే దగ్గరికి పోతారు. మాకు శాసనసభ లేదు. ఎమ్మెల్యే అన్న మనిషే లేడు. ద్వీపాలన్నిటికీ కలిపి ఢిల్లీలో ఒక్క ఎంపీ. పట్నంలో ఉండే ఆడమనిషి ఓటేసి ఎన్నుకున్నవాళ్ళలో చెయ్యి చాస్తే అందేది ఒక్క మునిసిపల్ కౌన్సిలరే. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ధర్మమా అని మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి దక్కుతున్నాయి. 2022 మార్చి ఎన్నికల్లో 24 వార్డుల్లో రెంటిని తెలుగుదేశం గెలుచుకుంది. ఆ పార్టీ మహిళే మరుసటేడు మార్చిలో కౌన్సిల్ ఛైర్‌పర్సన్ కూడా అయ్యారు. పార్టీల మంచిచెడ్డలు ఈ పేజీకి ఎందుకు గానీ, ఓట్లడిగే నాలుగు వారాలూ తెలుగు మా గడప దాకా వస్తుందన్న సంగతి మాత్రం గమనించాను. ఇంటింటికీ తెలుగులో పలకరింపు, తమిళుల ఇంటికి తమిళంలో, బౌది ఇంటికి బెంగాలీలో. అప్పుడు అనువాదం ఖర్చు ఎవరికీ గుర్తు రాదు.

భాష ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. నోటీసు ఎవర్ని ఉద్దేశించి పుడుతుందన్నది అసలు ప్రశ్న. సామాన్యంగా ఏ ఊళ్ళో అయినా అది 'వినియోగదారులకు' అని మొదలవుతుంది. ఆ వినియోగదారు పేరు ఎవరిది? ఇంటి పన్ను ఎవరి పేరున ఉంటే వాళ్ళది. కుళాయి కనెక్షన్ ఆయన పేరున, ఫోన్ నెంబరు ఆయనది, మెసేజ్ ఆయన జేబులోకి. ఆయన జేబు పడవలో ఉంటుంది, లేదా ఆఫీసులో ఉంటుంది. బిందె మాత్రం ఇంట్లో ఉంటుంది. కాలం మారి పేపరు స్థానంలో ఫోను వచ్చింది గానీ, కబురు నడిచే దారి మా ఇంట్లో 1998లో ఎలా ఉందో ఈనాటికీ చాలా ఇళ్ళలో అలాగే ఉంది. కుళాయి లెక్కలో ఇంటికి రెండో నెంబరు, ఇల్లాలి నెంబరు, రాసుకోవడానికి ఎవరికేం అడ్డం? అక్షరాలు రానివాళ్ళకి చదివి వినిపించే గొంతు మెసేజ్ పంపడం ఈ రోజుల్లో పెద్ద విద్య కాదు. మా కోడలు దాని పసిపిల్లకి రోజుకి పది పంపుతుంది.

ఇక నీళ్ళ కబురుకీ ప్రాణాలకీ ఉన్న సంబంధం చెప్పకుండా ఉండలేను. కుళాయి వచ్చినప్పుడు మా వీధిలో ఎవరు ముందు చూస్తే వాళ్ళు "పానీ ఆయా! పానీ ఆయా!" అని కేకేస్తారు. ఆ కేకకి పరుగెత్తని ఆడమనిషి ఉండదు. 2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున్న ఆరున్నర ప్రాంతంలో భూమి ఊగింది. గోడలు బీటలు వారాయి, అందరం బయటికొచ్చి నిలబడ్డాం. ఆ తరవాత కాసేపటికి కింద వీధి నుంచి అదే కేక. "పానీ ఆ రహా హై!" నిజం చెప్పొద్దూ, నాకు మొదట తట్టింది కుళాయే. ఇంత గోలలో నీళ్ళు వదిలారేమిటా అని బిందె కోసం వెనక్కి తిరిగాను కూడా. మిట్ట మీద ఉన్నాం కాబట్టి బతికిపోయాం. పల్లంలో ఉండి ఉంటే, ఆ ఒక్క నిమిషం! దక్షిణ అండమాన్‌లో నేలే కుంగిపోయింది. సిప్పీఘాట్ వైపు పొలాల్లోకి ఆ రోజు వచ్చిన సముద్రం వెనక్కి పోనేలేదు.

ఆ తరవాత నాలుగు రోజులకి, 30వ తేదీన, ఇంకో ఉప్పెన వస్తుందని దేశమంతా హెచ్చరిక వెళ్ళింది. తీరప్రాంతాల్లో జనం పరుగులు పెట్టారు. రాలేదు. అప్పటికే నిద్రాహారాలు లేని పిల్లల తల్లులు మళ్ళీ కొండెక్కారు. ఎవరు చెప్పారు, ఎంతవరకు నిజం, ఎప్పుడు దిగొచ్చు అన్నది ఎవరికీ తెలియదు. ఎక్కమన్న కబురు అన్ని భాషల్లో వచ్చింది, భయానికి అనువాదం అక్కర్లేదు కాబోలు. దిగొచ్చన్న కబురు మాత్రం సగం మందికి రాలేదు. మేం ఆ రాత్రంతా బయటే పడుకున్నాం.

ఇప్పుడు ఆ పరిస్థితి కొంత మారింది. 2007 నుంచి సునామీ హెచ్చరికలు తయారయ్యేది ఎక్కడో కాదు, మన హైదరాబాదులోనే. సముద్రానికి అంత దూరాన కూర్చుని ఇన్‌కాయిస్ వాళ్ళు భూకంపం వచ్చిన నిమిషాల్లో ఏ తీరానికి ఎంత ప్రమాదమో లెక్కగట్టి చెప్పగలుగుతున్నారు. గర్వపడాల్సిన విషయమే. అయితే ఆ ప్రకటన ఇంగ్లీషులో బయల్దేరుతుంది. హైదరాబాదులో పుట్టిన ఆ మాట సముద్రం దాటి, కంట్రోలు రూముకి చేరి, వార్డుకి చేరి, జంగిలీఘాట్‌లో చేపలు ఆరబెట్టుకునే శ్రీకాకుళం అప్ప చెవిలో పడాలి. మొదటి వెయ్యి కిలోమీటర్లకీ ఉపగ్రహాలున్నాయి. చివరి వంద గజాలకి ఏముంది? రోజూ నీళ్ళ కబురు తెచ్చే దారి ఒకటి ఉంటే, ఆపద కబురు కూడా ఆ దారినే వస్తుంది. రోజూ నడవని దారి ఆపదనాడు ఒక్కసారిగా ఎక్కడినుంచి పుడుతుంది చెప్పండి? అందుకే నల్లచెక్క ముచ్చట ఇంత సాగదీస్తున్నాను.

వార్డు సమావేశాల గురించి కూడా ఒక్క మాట. ఎక్కడైనా వీటిని పదకొండు గంటలకి పెడతారు. పదకొండు అంటే ఉద్యోగస్తులకి అనుకూలం, రిటైరైన పెద్దమనుషులకి అనుకూలం. అప్పుడు చేపలమ్మేవాళ్ళు అబర్డీన్ బజారులో ఉంటారు, ఇంట్లో ఉన్నవాళ్ళ పొయ్యి మీద అన్నం ఉంటుంది. "ఆడవాళ్ళని పిలిచాం, రాలేదు" అని మాత్రం ఖాయంగా అంటారు. మధ్యాహ్నం రెండింటికి పెట్టి చూడండి. ఇక్కడ సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రాలు వద్దు.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం మన కష్టం చెప్పుకునే అర్జీని దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకోవచ్చట. ఇదీ మా అమ్మాయే చెప్పింది. జవాబు అదే భాషలో ఇవ్వాలని మాత్రం అందులో లేదు. సరే, సగమైతే ఉంది. అందుకని ఈసారి అర్జీ తెలుగులోనే రాశాను. వార్డుకో నల్లబోర్డు, నాలుగు లిపులు, బిందె బొమ్మ. ఇంటికి రెండో నెంబరు. సమావేశం రెండింటికి. మా ఆయన చూసి "ఇంగ్లీషులో రాస్తే తొందరగా పని జరుగుతుందేమో" అన్నారు. కావాలంటే మీరు ఒక నకలు ఇంగ్లీషులో రాసి వెనక కుట్టండి అన్నాను. రాస్తున్నారు. బౌది బెంగాలీలో సంతకం చేసింది, తమిళ అక్క తమిళంలో చేసింది. చేపలమ్మే అప్ప వేలిముద్ర వేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ, "ఎప్పుడెల్దామమ్మా? పొద్దున్నయితే నాను రానేను, మద్దేన్నం తట్ట దించీసి ఒచ్చీస్తాను" అంది.

రేపు రెండింటికి వెళ్తున్నాం. కుళాయి కూడా రేపే. పొద్దున్న వస్తే ఫరవాలేదు.